ఎడమ చెవిలో శబ్దం, కుడివైపు వేలు

2019 జూలై 9, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఆకాశం నిండా మబ్బు. చుక్క వాన లేదు. ఆషాఢ గాలి పెనుకొండ కొండ మీది నుంచి దిగి, మేము క్యాంపు పెట్టుకున్న పాత భవనం కిటికీ రెక్కలను కొడుతూ ఉంది. ఈ వివరాలు జ్ఞాపకం నుంచి రాయడం లేదు. నా జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఆనాటి చిట్టాలో నా చేతిరాతతోనే ఉన్నాయి. వాతావరణం కూడా రాసుకునే అలవాటు నాకెందుకంటే, గాలి హోరు ఉన్న రోజు వినికిడి పరీక్షలో అంకెలు ఐదో పదో అటూ ఇటూ అవుతాయి. తర్వాత ఎవరైనా తగాదాకు వస్తే చూపించడానికి ఆధారం ఉండాలి.

నేను హిందూపురంలో ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగిగా ఇరవై తొమ్మిదేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారు చదువుతారన్న ఉద్దేశంతో ఈ ఒక్క సంఘటన రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. తప్పు చేసినవాడి పేరు రాయకుండా మిగతావారి పేర్లు రాయడం న్యాయం కాదు.

నెలకొకసారి పెనుకొండలో క్యాంపు జరిగేది. హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలు దారిలో అది మధ్య ఊరు కాబట్టి రెండు వైపులవారూ వచ్చేవారు. వారిలో నిజంగా వినబడనివారు ఉండేవారు. వినబడటం లేదన్న కాగితం కావలసినవారూ ఉండేవారు. రెండో రకంవారిని పట్టుకోవడం నా విధుల్లో ఎక్కడా రాసిలేదు. అయినా క్రమంగా అదే నా ముఖ్యమైన పని అయిపోయింది. ఆ ఉదయమే ఒక పెద్దాయన రెండు చెవులూ పూర్తిగా పోయాయని చెప్పి, గంట కొట్టినా కదలకుండా కూర్చున్నాడు. సరే వెళ్లమన్నాను. ఆయన గుమ్మం దాకా పోయాక, గొంతు పెంచకుండా, "పెద్దాయనా, చొక్కా ఎనక చినిగింది" అన్నాను. చెయ్యి టక్కున వీపు మీదికి పోయింది.

మా అటెండరు నోటికి తువాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "చిత్రగుప్తుడు చిట్టా తెచ్చి చూపించినా, సంతకం యాడుందని అడిగే రకం సార్ మీరు" అన్నాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

పదకొండు గంటల పది నిమిషాలకు ఇరవై నాలుగో నంబరు లోపలికి వచ్చింది. ధర్మవరం పట్టుచీరలు నేసే ఒక మగ్గం కార్మికుడు, ఆయన తల్లి, పన్నెండేళ్ల కూతురు. ఆ పాప ఏడో తరగతి. బడి ప్రధానోపాధ్యాయుడు ఇచ్చిన చీటీ తెచ్చారు: పిలిస్తే పలకడం లేదు, డిక్టేషన్‌లో సగం మాటలు వదిలేస్తోంది, పరీక్షించగలరు.

తండ్రి నిలబడే మాట్లాడాడు. "సార్, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెవిలో ఏమన్నా లోపం ఉంటే మందిప్పిస్తా, బడిలో ముందర కూచోబెట్టమని అడుగుతా. ఏమీ లేదంటే దీనికి చదువు మీద మనసు లేనట్టే. మాన్పించేసి రాట్నం కాడ కూచోబెడ్తా. ఇంట్లో దారం కండెలకు చుట్టేదానికి మనిషి లేదు."

పాప తలవంచుకుని ఉంది. ఆమె బడి నేను రాయబోయే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

అవ్వ ముందుకు వచ్చింది. "రెండో తరగతికి పోకముందే నాయనా. గవదబిళ్లలు లేసె. రెండు దవడలూ ఇంత లావు. అవి అణిగినాక నాలుగో దినం పొద్దున లేసి నిలబడలేక దబీమని పడె. తల తిరుగుతాందనె. చెవిలో తుమ్మెద దూరినట్టుందనె. రెండు దినాలకు లేసి తిరిగె, మేమూ మర్సిపోతిమి."

"ఏ తేదీ?"

"తేదీ యాడ గుర్తుంటాది నాయనా. పక్కింటామె కూతురు పెండ్లి అయిన వారం."

"డాక్టరు చీటీ?"

"గవదలకు డాక్టరు యాల? బంగారం ఏస్తే అణగతాయి." కొంగుముడి విప్పి ఒక పెళ్లి ఫోటో తీసింది. గుంపులో ముందు వరుసలో ఒక చిన్నపిల్ల. ముఖం గుండ్రంగా ఉంది. మెడలో పెద్దవాళ్లు వేసుకునే గొలుసు, బొడ్డు దాకా వేలాడుతోంది.

ఈ ఆచారం ఎరగని చదువరులకు చెబుతున్నాను. మా వైపు గవదబిళ్లలు వస్తే పిల్లల మెడలో బంగారు గొలుసు వేస్తారు. బంగారం తగిలితే వాపు అణుగుతుందని నమ్మకం. నాకా ఆచారం తెలియనిది కాదు. నా మెడలోనూ మా అవ్వ వేసింది. కానీ ఆ రోజు నా కళ్లకు కనిపించింది వేరు. కండెలు చుట్టే మనిషి కూడా లేదంటున్న ఇంట్లో పిల్ల మెడలో మూడు తులాల గొలుసు ఎలా వచ్చింది?

"ఈ గొలుసు ఎవరిది?"

"పక్కింటామెది. పెండ్లి సందట్లో మెడలోది తీసి ఏసింది, పుణ్యాత్మురాలు."

గవదబిళ్లలతో ఉన్న పిల్లను పెళ్లికి తీసుకుపోయి, పెళ్లికూతురి తల్లి గొలుసు తెచ్చి వేయడం! నమ్మబుద్ధి కాలేదు. ఆ పైన అవ్వ గొంతు తగ్గించి, "దీనికి పింఛనేమన్నా వస్తాదా నాయనా?" అని అడిగింది.

తండ్రి, "యమ్మా, ఊరుకో" అని కసిరాడు. అప్పటికే నా మనసులో తీర్పు తయారైంది. ఇంకా పరీక్ష మొదలు కాలేదు.

పరీక్ష గురించి ఇక్కడ కావలసినంతే చెబుతాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కొక్క చెవికీ సన్నని శబ్దం పంపిస్తాం. వినబడినప్పుడల్లా, ఏ చెవిలో వినబడితే ఆ వైపు వేలు ఎత్తాలి. ఎంత చిన్న శబ్దానికి వేలు లేచిందో ఆ అంకె రాసుకుంటాం. పాప కుడి చెవి పదిహేను డెసిబెళ్లకే పలికింది. లోపం లేని చెవి. తర్వాత ఎడమ చెవికి పంపాను. ముప్పై, నలభై, యాభై, ఏమీ లేదు. యాభై ఐదు దగ్గర వేలు లేచింది.

అయితే కుడి వేలు లేచింది.

"ఏ చెవిలో వినబడింది?"

"ఈ చెవిలో సార్." కుడి చెవే చూపించింది.

శబ్దం పంపింది ఎడమకు. మళ్లీ పంపాను. ఈసారి అరవై ఐదు దగ్గర లేచింది. మళ్లీ కుడి వేలే. తీగలు తారుమారయ్యాయేమోనని హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టుకుని చూశాను. సరిగ్గానే ఉన్నాయి. పాపతో, "చూడు పాపా, శబ్దం ఈ పక్క వస్తాంది, నువ్వు ఆ పక్క చూపిస్తాండావు. ఆటలాడొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. మళ్లీ పంపాను. కుడి వేలు సగం లేచి, ఆగి, కిందికి దిగింది.

నా తర్కం ఇలా నడిచింది. వినబడదని వచ్చి, ఎడమ చెవికి పంపిన శబ్దానికి వేలెత్తుతోంది. ఎత్తేది కూడా తప్పు వైపు. అంకె ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావడం లేదు. ఎవరో నేర్పి పంపారు, సరిగ్గా నేర్పలేదు. కాగితం మీద ఇంగ్లీషులో, సమాధానాలు నమ్మదగినవి కావు, నటన అని అనుమానం, అని రాసి సంతకం చేశాను. తండ్రి, "ఏమని రాసినారు సార్?" అన్నాడు.

"చెవులు బాగానే ఉన్నాయి. నటిస్తాంది" అన్నాను.

ఆయన కూతురి వైపు చూసిన చూపు చిట్టాలో లేదు. అయినా గుర్తుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర అటెండరు గెలికాడు. "ఆ పాప నిజంగా నాటకమాడిందంటారా సార్?"

"అంకెలు అంటున్నాయి."

"ఏమన్నాయి?"

"పొంతన లేదన్నాయి."

"పొంతన లేంది అంకెలకా సార్, మనకా?"

సంగటి ముద్ద చల్లారిపోతోందని చెప్పి ఆయన నోరు మూయించాను. ఆ రోజు మొత్తం ముప్పై ఎనిమిది మందిని చూశాను. సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు యంత్రం సర్దేశాం.

ఇక్కడ నా తప్పు ఏమిటో విప్పి చెప్పాలి. ఎడమ చెవికి పెద్ద శబ్దం పంపినప్పుడు ఆ అదురు పుర్రె ఎముక గుండా కుడి చెవికి చేరుతుంది. ఎడమ చెవి పూర్తిగా పోయినా, కుడి చెవి ఆ శబ్దాన్ని విని జవాబు చెబుతుంది. అందుకే, ఒక చెవిని పరీక్షించేటప్పుడు అవసరమైతే రెండో చెవిలో హోరు శబ్దం పెట్టి దాన్ని పనిలో ఉంచాలి. అది మాకు శిక్షణలో నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. నేనది చేయలేదు. కుడి చెవి విన్నది కాబట్టే పాప కుడి వేలు ఎత్తింది. ఆ గదిలో జరిగినదాన్ని కచ్చితంగా చెప్పినది ఆ వేలు ఒక్కటే. అబద్ధానికి గుర్తుగా నేను పట్టుకున్నదీ దాన్నే.

2019 నవంబర్ 19, మళ్లీ మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. హిందూపురం. పల్చని ఎండ, గాలి లేదు. తండ్రీకూతుళ్లు ధర్మవరం నుంచి వచ్చే పాసింజరు రైలు దిగి నేరుగా మా గదికి వచ్చారు. నేనాయన్ని గుర్తుపట్టలేదు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. నాలుగు మడతలు పడిన నా కాగితాన్నే బల్ల మీద పెట్టాడు.

"ఇది మీరు రాసిందే గదా సార్?"

"నా సంతకమే."

"ఈ కాగితం చూసి బడి మాన్పిస్తిని. రాట్నం కాడ కూచోబెడ్తిని. నేను మగ్గం గుంతలో కూచుంటే తిరిగి చూసే పని లేదు, కండె అయిపోతే 'మే పాపా, కండె' అని చెయ్యి చాపుతా. నాలుగుసార్లు అరిస్తే గాని ఇయ్యదు. నటన అని మీరు రాసిస్తిరి గదా, రెండేట్లు కూడా ఏస్తిని. మొన్న వానలకు గోడ కారె. రాట్నం తడుస్తాందని ఆ పక్క నుంచి ఈ పక్కకు జరిపితిమి. అప్పట్నుంచి ఒక్క పిలుపుకే కండె చేతికొస్తాంది సార్. నటించే పిల్లయితే రాట్నం జరిపితే మారతాదా? రాట్నానికేం రాస్తారు మీరు?"

అప్పుడూ నేను నా అలవాటు మానలేదు. "ఎన్ని రోజులు చూసినావప్పా? ఊరికే అనిపించిందా, లెక్క ఉండాదా?" అని అడిగాను.

"మీరు లెక్క అడుగుతారని తెల్సు సార్." చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క తీశాడు. గోడ మీద బొగ్గుతో గీసిన గీతలను దాని మీదికి ఎక్కించుకు వచ్చాడు. "నాలుగు దినాలు రాట్నం పాత పక్కనే పెట్టి చూస్తిని. నాలుగు దినాలు కొత్త పక్క. పాపకు చెప్పలే. పాత పక్క నలభైసార్లు పిలిస్తే మొదటి పిలుపుకు పలికింది ఏడుసార్లు. కొత్త పక్క నలభైకి ముప్పై తొమ్మిది."

"ఆ ఒకటి?"

"అప్పుడు నిద్రపోతాండె సార్."

పాత పక్కన కూర్చుంటే పాప ఎడమ చెవి మగ్గం వైపు ఉంటుంది. కొత్త పక్కన, కుడి చెవి. ఇరవై తొమ్మిదేళ్లలో నా దగ్గరికి ఇంత శుభ్రమైన లెక్కతో వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. అయినా నేను, ఈ గీతలు కూడా ఇప్పుడే రైల్లో గీసుకున్నవేమో అని ఒక్క క్షణం అనుకున్నానని ఒప్పుకోవాలి.

ఆ సెప్టెంబరులో మా ఆసుపత్రికి కొత్తగా ఒక వినికిడి నిపుణురాలు వచ్చింది. నా వయసులో సగం ఉండదు. ఆమె మీదా నాకు అనుమానమే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసేది, రోజుకు పన్నెండు మందికంటే చూసేది కాదు. ఆమె నా కాగితం తీసుకుని, చదివి, ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, కుడి చెవిలో హోరు పెట్టారా?"

పెట్టలేదన్నాను. ఆమె కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. తిట్టివుంటే బాగుండేది.

పాపను గదిలో కూర్చోబెట్టింది. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ముందు హోరు లేకుండా ఎడమ చెవికి శబ్దం పంపింది. అరవై దగ్గర పాప వేలు లేచింది. ఈసారి ఎడమ వేలు. నాకు గుండెలో కొంచెం ధైర్యం వచ్చింది, దాచిపెట్టను. చూశారా, మారుస్తోంది, అనబోయాను.

ఆమె యంత్రం ఆపి, లోపలికి పోయి పాప పక్కన కూర్చుంది. "ఎడమ చెవిలో వినబడిందా?"

పాప అద్దంలోంచి నా వైపు చూసింది. "ఏ చెవి చూపించల్ల మేడం? పోయినసారి ఈ చెవి చూపిస్తే ఆ సారు కోప్పడె. అందుకే ఆ చెవి చూపిస్తి."

"నీకు ఏ చెవిలో వినబడితే అదే చూపించు. ఎవరూ కోప్పడరు."

"అట్లయితే ఇదే మేడం" అని కుడి చెవి పట్టుకుంది.

తర్వాత కుడి చెవిలో హోరు పెట్టి ఎడమ చెవికి శబ్దం పంపింది. అరవై, డెబ్బై, ఎనభై, తొంభై. పాప రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బాగా వినాలని నుదురు ముడిచి, ఎదురుచూస్తూ కూర్చుంది. యంత్రం ఇవ్వగల చివరి అంకె దాకా పోయినా వేలు లేవలేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే. ఆ ఎడమ చెవిలో ఏమీ లేదు.

గవదబిళ్లలు కలిగించే వైరస్ కొందరు పిల్లల్లో లోపలి చెవి దాకా పోతుంది. ఎక్కువగా ఒక్క చెవికే. ఒకసారి పోయిన ఆ వినికిడి చాలామందిలో తిరిగి రాదు. తల తిరగడం, చెవిలో రొద దానికి తోడు వస్తాయి. రెండో చెవి బాగుంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. పిల్లకు కూడా తెలియదు, అందరికీ ఇంతే వినబడుతుందనుకుంటుంది. సందడిలో మాట అందదు, పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో తేలదు. దీన్ని నివారించడానికి టీకా ఉంది. వచ్చాక అణచడానికి బంగారం పనికిరాదు. ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే. అవ్వ ఆ జూలైలో వరుసగా చెప్పినదీ ఇదే. తేదీ లేదన్న కారణంతో నేను దాన్ని రాసుకోలేదు.

తండ్రి అడిగాడు. "ఇంక రాదా సార్ ఆ చెవి?"

నిపుణురాలే చెప్పింది. రాదని, కుడి చెవిని కాపాడుకోవాలని, బడిలో కుడి చెవి పంతులు వైపు ఉండేలా కూర్చోబెట్టాలని.

ఆయన కూతురి తల నిమిరాడు. తర్వాత నా కాగితాన్ని నా వైపు జరిపాడు. "ఈ మాట కొట్టేయండి సార్. నేను చదువుకోలే, మీరు రాసింది నమ్మితి. మీరు కొట్టేస్తే గాని బళ్లో ఒప్పుకోరు."

ఎర్ర సిరాతో కొట్టేశాను. పక్కన తేదీ వేశాను: నాటి పరీక్ష సక్రమంగా జరగలేదు, లోపం పరీక్షకునిది. కింద సంతకం. కొత్త పరీక్ష ఫలితం వేరే కాగితం మీద రాసి, నిపుణురాలి చేత కూడా సంతకం చేయించాను. అటెండరు రెండు కాగితాల మీదా ముద్ర వేశాడు.

ఆ వారం పాత కాగితాలు తిరగేశాను. ఒక చెవే వినబడదన్నవారికి, హోరు పెట్టకుండా నటన అని నేను రాసినవి ఇంకో ఎనిమిది దొరికాయి. ఎనిమిది మందికీ ఉత్తరాలు రాశాను. ఐదుగురు వచ్చారు. సరిగ్గా పరీక్షిస్తే నలుగురిది నటనే. ఐదోవారు బుక్కపట్నం నుంచి వచ్చిన ఒక గృహిణి, ఆమెది నిజం. నా అనుమానాలు ఎక్కువసార్లు సరైనవేనని దీన్నిబట్టి ఎవరైనా అనవచ్చు. నేనూ కొన్నాళ్లు అనుకున్నాను. సరైన అనుమానమైనా పరీక్ష చేయకుండా రాస్తే అది ఊహే.

నవంబర్ 30, శనివారం, సెలవు పెట్టి ధర్మవరం పోయాను. ముందు పక్కింటామె ఇంటికి పోయాను; ఎందుకని అడగవద్దు, పాత జబ్బు. ఆమె బీరువాలోంచి పసుపు రాసిన శుభలేఖ తీసి ఇచ్చింది. ముహూర్తం 2014 మే 11, ఆదివారం. పాపకు అప్పుడు ఏడేళ్లు. "మా గొలుసు ఏసినాము గదా సార్, గవదలు మూడో దినానికే అణిగె" అని ఆమె గర్వంగా చెప్పింది. ఆ గొలుసు ఆమె మెడలోనే ఉంది. ఆ తర్వాత పాప ఇంటికి పోతే అవ్వ నాకు మజ్జిగ ఇచ్చింది. "నాయనా, ఆ పొద్దు పింఛన్ మాట నేను అడక్కుండా ఉంటే పోయేది" అంది. ఆ మాట నేను వినకపోయినా అదే రాసేవాడినేమో, ఖాయంగా చెప్పలేను.

అక్కడి నుంచి బడికి. ప్రధానోపాధ్యాయుడు నా కొత్త కాగితం రెండుసార్లు చదివాడు. "మొదటిదీ మీదే, ఇదీ మీదే. ఏది నమ్మమంటారు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. నిపుణురాలి సంతకం చూపించాను. మొదటి వరుసలో, ఎడమ గోడ పక్కన చోటిస్తానన్నాడు. అక్కడ కూర్చుంటే కుడి చెవి తరగతి వైపు ఉంటుంది.

పాప డిసెంబర్ 2, సోమవారం బడికి పోయింది. తర్వాతి మార్చిలో కరోనా వల్ల అన్ని బడులూ మూతపడ్డాయి. ఆ రోజులు నా లెక్కలోకి రావు. నా లెక్క కోసం ఆ శనివారమే హాజరు పట్టీ అడిగి తీసుకున్నాను. పాపను బడి మాన్పించిన జూలై 15 నుంచి నవంబర్ 30 వరకు, ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా సెలవులు, మిగతా పండుగలు తీసేసి, బడి నడిచిన రోజులు మాత్రమే లెక్కపెట్టాను. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది.

నా సంతకం వల్ల ఆ పాప బడికి పోని రోజులు నూట ఒకటి.